విండోస్ 11 24హెచ్2 సమీక్ష: మొరాయించేది ఎక్కడ, ఎందుకు

విండోస్ 11కి 2024 రెండో సగంలో వచ్చిన వెర్షన్ 24హెచ్2ని కూడా ఏటా వచ్చే మామూలు అప్‌డేటే అనుకుని బటన్ నొక్కితే ఇబ్బంది పడతారు. దానికి ముందున్న 23హెచ్2 నిజానికి 22హెచ్2 మీద వేసిన చిన్న స్విచ్. కావలసిన ఫైళ్లు ముందే సిస్టమ్‌లో ఉండేవి కాబట్టి ఒక్క రీస్టార్ట్‌తో పనైపోయేది. 2024 అక్టోబర్ 1న వచ్చిన 24హెచ్2లో కెర్నల్‌తో (సిస్టమ్ గుండెకాయ లాంటి మూల భాగం) సహా ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం మారిపోయింది. బిల్డ్ నంబర్ 22631 నుంచి ఏకంగా 26100కి వెళ్లింది. పాత సిస్టమ్‌ని విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌లోకి నెట్టి, కొత్తది అక్కడ ఎక్కి, పాతదాంట్లోని డ్రైవర్లనూ (పరికరాలను విండోస్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) సెట్టింగులనూ తనలోకి తెచ్చుకుంటుంది. గొడవంతా ఆ తెచ్చుకునే దగ్గరే.

పాతవీ కొత్తవీ కలిపి రకరకాల మెషీన్లలో చాలాకాలం వాడాక నాకు అనిపించింది ఇదీ: ఒకసారి సవ్యంగా ఎక్కితే సిస్టమ్ నిలకడగానే ఉంటుంది. ఎక్కనప్పుడు మాత్రం ఎందుకు ఎక్కలేదో మామూలు మనిషికి అర్థమయ్యేలా ఒక్క ముక్క చెప్పదు. 'మార్పులను రద్దు చేస్తున్నాం' అంటూ పాత డెస్క్‌టాప్‌కి తెచ్చి వదిలేస్తుంది. నా దృష్టిలో బగ్గుల కన్నా ఇదే పెద్ద లోపం.

ఆ తర్వాత కనిపించే కోడ్‌ని చదవడం వస్తే సగం పని అయినట్టే. అందులో రెండు భాగాలుంటాయి. మొదటిది 0ఎక్స్‌సీ1900101 అయితే దాదాపు ఎప్పుడూ డ్రైవరే కారణం. 0ఎక్స్‌80070070 అయితే డిస్క్‌లో చోటు చాలలేదని. సీ డ్రైవ్‌లో 20 జీబీకి తక్కువ ఖాళీ ఉంటే అసలు మొదలుపెట్టకండి. డ్యాష్ తర్వాత వచ్చే రెండో భాగంలో, 0ఎక్స్ పక్కనున్న మొదటి అంకె ఏ దశలో ఆగిందో చెబుతుంది. 1 అంటే పాత విండోస్ ఇంకా నడుస్తుండగానే ఆగింది. 2 అంటే మొదటి రీస్టార్ట్ తర్వాత, రికవరీ వాతావరణంలో. 3 అంటే కొత్త విండోస్ తొలిసారి బూట్ అవుతూ పరికరాలను గుర్తించే వేళ. 4 అంటే ఆఖరి దశలో, మీ డేటానూ సెట్టింగులనూ సర్దేటప్పుడు. 20017 వస్తే ముందుగా వేరే కంపెనీల యాంటీవైరస్, డిస్క్ ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ తీసేసి చూడండి. ఆపేస్తే చాలదు, అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. 30018 వస్తే కీబోర్డు, మౌస్, మానిటర్ తప్ప మిగతా యూఎస్‌బీ పరికరాలన్నీ పీకేసి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ తేలకపోతే మైక్రోసాఫ్ట్ ఇచ్చే సెటప్‌డయాగ్ అనే చిన్న ఉచిత టూల్ నడపండి. సెటప్ లాగ్‌లను తనే తవ్వి, ఏ డ్రైవర్ దగ్గర తట్టుకుందో తరచుగా పేరుతో సహా చెబుతుంది. అప్‌గ్రేడ్ విఫలమైతే సెటప్ దీన్ని తనే నడుపుతుంది కూడా, మరి ఆ ఫలితం తెర మీద చూపించడానికి ఏం అడ్డమో!

డ్రైవర్ల చిక్కు ఎంత సూక్ష్మంగా ఉంటుందో చెప్పడానికి ఇంటెల్ స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ సరిపోతుంది. 11వ తరం కోర్ ప్రాసెసర్లున్న కొన్ని మెషీన్లలో దీని పాత డ్రైవర్ వల్ల బ్లూ స్క్రీన్ (సిస్టమ్ కుప్పకూలి నీలి తెర రావడం) వస్తుంది. చెడ్డవి 10.29.0.5152, 10.30.0.5152 వెర్షన్లు. డివైస్ మేనేజర్‌లో సిస్టమ్ డివైసెస్ కింద చూసి, చివరి సంఖ్య 5714 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉందో లేదో చూసుకోవాలి. మధ్యలోని 29, 30లను పట్టించుకోనక్కర్లేదు. 10.30 ఉంది కదా, కొత్తదే అనుకుంటే పొరపాటు. వెస్టర్న్ డిజిటల్ ఎస్ఎన్770, ఎస్ఎన్580 రకాల 2 టీబీ ఎస్ఎస్‌డీల కథ వేరు. వీటికి సొంత డీర్యామ్ (వేగంగా పనిచేసే తాత్కాలిక మెమరీ) ఉండదు, కంప్యూటర్ మెమరీలోంచి కొంత అరువు తీసుకుంటాయి. అంతకుముందు విండోస్ 64 ఎంబీ ఇచ్చేది, 24హెచ్2 అవి అడిగిన 200 ఎంబీ మొత్తం ఇచ్చేసింది. దాంతో బ్లూ స్క్రీన్లు మొదలయ్యాయి. ఎస్ఎస్‌డీ ఫర్మ్‌వేర్ (దాని లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే పోతుంది, కాబట్టి ఆ పని అప్‌గ్రేడ్‌కి ముందే కానివ్వండి.

ఇలాంటివి తెలిసినప్పుడు మైక్రోసాఫ్ట్ ఆయా మెషీన్లకు విండోస్ అప్‌డేట్ ద్వారా అప్‌గ్రేడ్ అందకుండా ఆపుతుంది. ఓపిక పట్టలేనివాళ్లు ఐఎస్ఓ ఫైల్‌తో (విండోస్ ఇన్‌స్టాలర్ మొత్తం ఉండే ఒకే ఫైల్) ఎక్కించేస్తారు, ఆ అడ్డు అక్కడ పనిచేయదు. అది మీ మంచికే పెట్టిన గేటు, దూకొద్దు.

'సిస్టమ్ రిజర్వ్డ్ పార్టిషన్‌ని అప్‌డేట్ చేయలేకపోయాం' అన్న సందేశం వస్తే భయపడక్కర్లేదు. అది చెప్పేది ఈఎఫ్ఐ పార్టిషన్ గురించి, అంటే బూట్ ఫైళ్లుండే చిన్న డిస్క్ భాగం, చాలా మెషీన్లలో 100 ఎంబీయే. అందులో ఓ 15 ఎంబీ ఖాళీ కావాలి. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, మౌంట్‌వాల్ కమాండ్‌కి స్లాష్ ఎస్ తగిలించి ఆ పార్టిషన్‌కి వై అనే అక్షరం ఇవ్వండి. వై డ్రైవ్‌లో ఈఎఫ్ఐ, మైక్రోసాఫ్ట్, బూట్, ఫాంట్స్ వరుసలో వెళ్లి ఆ ఫోల్డర్‌లోని ఫాంట్ ఫైళ్లు మాత్రమే తొలగించండి. పక్క ఫోల్డర్ల జోలికి వెళితే మెషీన్ బూటే కాదు.

ఎక్కిన తర్వాత ఎక్కువమందిని కంగారు పెట్టేది నెట్‌వర్క్ షేరింగ్. నిన్నటిదాకా తెరుచుకున్న నాస్ (నెట్‌వర్క్‌కి కలిపిన స్టోరేజ్ పెట్టె) ఫోల్డర్ ఇవాళ తెరుచుకోదు. 'మీ సంస్థ భద్రతా విధానాలు' ఒప్పుకోవడం లేదంటుంది, ఇంట్లో ఒంటరిగా కూర్చున్నవాడికి ఏ సంస్థో! ఇది బగ్ కాదు. ప్రో ఎడిషన్‌లో ఎస్ఎంబీ సైనింగ్‌ని (ఫైల్ షేరింగ్‌లో వచ్చే ప్రతి సందేశం అసలైనదేనని సంతకంతో తేల్చుకోవడం) తప్పనిసరి చేసి, పాస్‌వర్డ్ లేని గెస్ట్ లాగిన్‌ని ఆపేశారు. పవర్‌షెల్‌లో ఈ రెంటినీ వెనక్కి తిప్పే వీలుంది గానీ అది చేయకండి. నాస్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో ఖాతా తెరిచి, వాటిని విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో భద్రపరిస్తే సరి. సైనింగ్ అసలు రాని పాత నాస్‌కి మాత్రం ముందు దాని ఫర్మ్‌వేర్ మార్చాలి. మార్పు మంచిదే, ముందే ఒక హెచ్చరిక చూపించి ఉంటే ఇంత గోల ఉండేది కాదు.

యూఎస్‌బీతో ఇన్‌స్టాల్ చేసేవాళ్లు అది ఎప్పుడు తయారుచేసిందో చూసుకోవాలి. 2024 అక్టోబర్, నవంబర్ సెక్యూరిటీ అప్‌డేట్లు కలిపి చేసిన మీడియాతో ఎక్కిస్తే తర్వాతి సెక్యూరిటీ అప్‌డేట్లు అందకుండా పోవచ్చు. పాతది చెరిపేసి కొత్తగా చేసుకోండి. పైగా 24హెచ్2ని క్లీన్ ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా మెషీన్లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. ఆ డిస్క్‌ని తెరిచే 48 అంకెల రికవరీ కీ మీ ఖాతాలో ఉందో లేదో ఆరోజే చూసి కాగితం మీద రాసుకోండి.

పాత విండోస్‌కి వెనక్కి వెళ్లడానికి ఇచ్చే గడువు 10 రోజులే. చాలదు, ఎందుకంటే ప్రింటర్, స్కానర్ లాంటివి అప్పుడప్పుడే వాడతాం, వాటి లోపం బయటపడేసరికి గడువు దాటిపోతుంది. అప్‌గ్రేడ్ అయిన రోజే డిజ్మ్ కమాండ్‌లో సెట్-ఓఎస్‌అన్‌ఇన్‌స్టాల్‌విండో ఆప్షన్‌కి 60 (రోజులు) ఇచ్చి గడువు పెంచుకోండి. ఈలోగా డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫైళ్లకు టిక్ పెడితే మాత్రం ఏ గడువూ కాపాడదు. రికవరీ స్క్రీన్ ఉంది కదా అన్న ధీమా కూడా వద్దు. 2025 అక్టోబర్ 14 అప్‌డేట్‌తో ఆ స్క్రీన్‌లోనే యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయడం మానేశాయి, అక్టోబర్ 20న అత్యవసర ప్యాచ్ వచ్చింది. డేటా బ్యాకప్ బయటి డిస్క్‌లో ఉండాల్సిందే.

మంచి మాటలు: ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోనే 7జడ్, టార్ ఫైళ్లు తయారుచేసుకోవచ్చు, వైఫై 7 వచ్చింది. వర్డ్‌ప్యాడ్ మాత్రం తీసేశారు. రోజువారీ పనిలో వేగం పెరిగినట్టు నాకైతే అనిపించలేదు.

ఇప్పటికీ 23హెచ్2 మీదే ఉన్నవాళ్లు నేరుగా 24హెచ్2 తర్వాతి వెర్షన్ 25హెచ్2కి వెళ్లొచ్చు, కానీ పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి, ఎందుకంటే దాని అడుగున ఉన్నది 24హెచ్2నే. 24హెచ్2 బాగా నడుస్తున్నవాళ్లకు 25హెచ్2 చిన్న స్విచ్ మాత్రమే. 24హెచ్2 హోమ్, ప్రో ఎడిషన్లకు సెక్యూరిటీ అప్‌డేట్ల గడువు 2026 అక్టోబర్ 13. ఆడియో డ్రైవర్, ఎస్ఎస్‌డీ ఫర్మ్‌వేర్, బయోస్ (మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్), ఈ వరుసలో ముందు సర్దుకుని తర్వాతే మొదలుపెట్టండి. బయోస్ మార్చే ముందు బిట్‌లాకర్‌ని (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) కాసేపు సస్పెండ్ చేయడం మరిచిపోవద్దు, లేకపోతే మొదటి రీస్టార్ట్‌లోనే ఆ 48 అంకెలూ అడగొచ్చు.