కిల్ స్విచ్: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

చార్టులు, బ్రోకరేజీ, ఆర్డర్ వేసే పద్ధతి అన్ని ట్రేడింగ్ యాప్‌లలో ఇంచుమించు ఒకటే, వాటి జోలికి పోను. నేను వాడే యాప్ మీద నాకున్న అభిమానమంతా కిల్ స్విచ్ వల్లే. దాంతో ఆప్షన్స్ సెగ్మెంట్‌ను, అంటే మార్కెట్ పెరుగుతుందా పడుతుందా అని పందెంలా వేసే ట్రేడ్లను, ఒక్కసారి ఆపేస్తే పన్నెండు గంటల దాకా మనం ఎంత తన్నుకులాడినా తెరుచుకోదు.

తిరుపతి బాలాజీ కాలనీలో నాది జిరాక్స్ షాపు. మార్కెట్ మొదలయ్యే తొమ్మిదింబావుకే యూనివర్సిటీ పిల్లల రద్దీ కూడా. రోజుకు రెండు వేలకు మించి పోగొట్టుకోకూడదని ముందురోజు రాత్రే నోట్‌బుక్కులో రాసుకునేవాణ్ణి. మొదటి నష్టం వచ్చాక ఆ పేజీ గుర్తుండేది కాదు, పోయింది రాబట్టాలనే కసి ఒక్కటే ఉండేది. స్విచ్ అలవాటయ్యాక రెండు వేలు పోతే నొక్కేయడమే. మొదటిసారి నొక్కిన రోజు షాపు తమ్ముడికి అప్పజెప్పి కపిలతీర్థం దాకా నడిచి, మెట్ల మీద కూర్చున్నాను. అంత ప్రశాంతంగా ఎన్నాళ్లకు ఉన్నానో.

అలాంటి స్విచ్ నాకు అసలు అవసరమైన రోజున పనిచెయ్యలేదు. 2024 జూన్ 4, ఓట్ల లెక్కింపు. ముందురోజు ఎగ్జిట్ పోల్స్ ఊపులో పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీ 23,263 దగ్గర ముగిసింది. నేను రెండు లాట్ల (లాటు అంటే ఆప్షన్లను అమ్మే కట్ట) కాల్స్, అంటే మార్కెట్ పెరిగితే లాభమిచ్చే ఆప్షన్లు, రాత్రికి ఉంచేశాను. పొద్దున పక్క టీ కొట్టు టీవీలో రాష్ట్ర ఫలితాలు, జనం కేకలు. ఫోన్‌లో మార్కెట్ జారిపోతోంది. నష్టం పెరగకుండా ఫలానా ధరకు తగ్గకుండా అమ్మమని పెట్టిన స్టాప్ లాస్ లిమిట్ ఆర్డరును ధర దాటేసి కిందికి పోయింది, ఆర్డరు అలాగే పెండింగులో ఉండిపోయింది. ఇంకా పడదులే అని మరో నాలుగు లాట్లు కొని, సగటు ధర తగ్గేలా యావరేజ్ చేశాను. అప్పుడు భయం పట్టుకుని స్విచ్ నొక్కితే, ముందు ఓపెన్ పొజిషన్లు (ఇంకా అమ్మకుండా చేతిలో ఉన్నవి), పెండింగ్ ఆర్డర్లు క్లియర్ చెయ్యమంది. ఆ మాట చదివి చేతులు వణికాయి. అన్నీ అమ్మి బయటపడేసరికి 27,400 రూపాయలు పోయాయి. నిఫ్టీ ఆ రోజు 1,379 పాయింట్లు పడింది.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఆ స్విచ్ కొత్త ట్రేడ్లను ఆపుతుంది, చేతిలో ఉన్నదాన్ని కాదు. ఇప్పుడు ఆప్షన్లలో ఏదీ రాత్రికి ఉంచను. స్టాప్ లాస్ లిమిట్‌కూ, ఆ ఆర్డరును కదిలించే ధర అయిన ట్రిగ్గర్‌కూ మధ్య కొంచెం ఎడం ఎక్కువే పెడతాను.

మొదట్లో దీన్ని అందరికీ చెప్పాను, మా బావమరిదితో కూడా పెట్టించాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. పొద్దున పదింటికి నొక్కితే రాత్రి పదికి తెరుచుకుంటుంది, మర్నాటికి ఏ అడ్డూ ఉండదు. వారం రోజులు మూసే వీలు ఉండాలి. పైగా 2023లో ఇంకో కంపెనీలో రెండో అకౌంట్ తెరిచాను, ఇక్కడ తాళం పడితే అక్కడ ట్రేడ్ చేసేవాణ్ణి. అది మూసేశాకే ఈ స్విచ్‌కు విలువ వచ్చింది.

గత ఏడాదిన్నరగా నా ట్రేడ్లు బాగా తగ్గాయి. అందులో స్విచ్ వాటా ఎంతో కచ్చితంగా చెప్పలేను. 2024 నవంబరులో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలు మారి, బ్యాంకు షేర్ల సూచీ బ్యాంక్ నిఫ్టీ మీద వారంవారం ముగిసే వీక్లీ ఆప్షన్లు పోయాయి, నిఫ్టీ లాటు 25 నుంచి 75కు పెరిగింది, నా కొద్దిపాటి పెట్టుబడికి అది చాలా బరువైంది. ఆప్షన్లు, అలాంటివే అయిన ఫ్యూచర్లలో దిగిన చిన్న ట్రేడర్లలో 93 శాతం మంది మూడేళ్లలో నష్టపోయారని సెబీ లెక్క చెప్పింది. ఆ మూడేళ్లకు నా నోట్‌బుక్కు లెక్క వేస్తే నేనూ వాళ్లలోనే ఉన్నాను.

షాపు చూసుకుంటూ మధ్యలో ట్రేడ్ చేసే నాలాంటివాళ్లకు ఈ స్విచ్ పనికొస్తుంది, అకౌంట్ ఒక్కటే ఉంటే. రోజంతా స్క్రీన్ ముందు కూర్చునేవాళ్ల సంగతి వేరు, వాళ్లకెలా ఉంటుందో నేను చెప్పలేను. మా ఆవిడైతే ఆప్షన్స్ పూర్తిగా మానెయ్యమంటోంది. దసరా దాకా గడువు అడిగాను.