పాత హత్య కథ: ప్రేమ నడపాలా, పోలీసు నడపాలా?

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఒకే రకం కథ రెండు పద్ధతుల్లో దొరుకుతుంది: చిన్న ఊరు, పరువున్న కుటుంబం, ఎప్పుడో జరిగిన హత్య. ఒకటి రొమాంటిక్ సస్పెన్స్, రెండోది పోలీసు పరిశోధన.

పోలీసు నవలకు బలం వివరాల్లో ఉంటుంది. హత్య కేసుకు మన చట్టంలో కాలపరిమితి లేదు, ఎన్నేళ్లకైనా ఫైలు తెరవచ్చు. 2024 జులై 1కి ముందు జరిగిన హత్యయితే పాత శిక్షాస్మృతి ఐపీసీలోని 302 సెక్షన్ వర్తిస్తుంది, ఆ తర్వాతదైతే దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత)లోని 103. ఇలాంటివి సరిగ్గా రాసిన రచయితను నేను వెంటనే నమ్ముతాను.

అయినా నా ఓటు రొమాంటిక్ సస్పెన్స్‌కే. తెనాలి లాంటి ఊరికి హతుడి కూతురు తిరిగొచ్చి, అనుమానం ఉన్న ఇంటి అబ్బాయినే ప్రేమించిందనుకోండి. దొరికిన ప్రతి ఆధారమూ ఆమెకు టెన్షనే. తన తండ్రికి న్యాయం జరిగితే అతని తండ్రి జైలుకెళ్తాడు. పెళ్లిలోనో చావులోనో ఆ రెండు కుటుంబాలూ ఎదురుపడక తప్పదు. ఇన్‌స్పెక్టర్ అయితే బదిలీ అయి వెళ్లిపోతాడు, ఈమె ఎక్కడికి పోతుంది?

కానీ సగం పుస్తకం అయినా చనిపోయిన మనిషి ఎలాంటివాడో తెలియకపోతే మాత్రం దాన్ని పక్కన పెట్టి పోలీసు నవలే తీసుకోండి.