తూర్పు రింగు సాధనకి, పడమటి రింగు ఆటకి

ఒడిశాలోని మా బరంపురంలో ఏ కాలేజీలోనూ చదవకుండా బాస్కెట్‌బాల్ ఆడాలంటే మాలాంటి వాళ్లకి దిక్కు పబ్లిక్ కోర్టే. కాలేజీ కోర్టుకి గేటుంటుంది, గేటుకో వాచ్‌మన్ ఉంటాడు, రోజూ అతన్ని బతిమాలుకోవాలి. మా పేట కోర్టుకి గేటూ లేదు, టికెట్టూ లేదు, టైమింగులూ లేవు. ఏళ్ల తరబడి అక్కడే ఆడుతున్నాను కాబట్టి కొత్తగా బంతి కొనుక్కుని వద్దామనుకునే వాళ్ల కోసం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. సాధన చేసుకోవాలంటే తెల్లారగానే వచ్చి తూర్పు రింగు పట్టుకోండి. సాయంత్రం ఆటకి వస్తే పడమటి రింగే గతి. ఆడండి, సరదాగా ఉంటుంది. కానీ షూటింగు మాత్రం దాని మీద నేర్చుకోకండి.

ఎందుకంటే ఆ రింగు పొట్టిది. రింగు నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తులో, అంటే పది అడుగుల్లో ఉండాలి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటని మొదలుపెట్టినప్పుడు పీచ్ పళ్ల బుట్టల్ని జిమ్ బాల్కనీ కమ్మీకి కొట్టించాడు. ఆ కమ్మీ పది అడుగుల ఎత్తులో ఉంది. ఆ లెక్కే ఇప్పటికీ నడుస్తోంది. మా దగ్గర పడమటి సగంలో సిమెంటు పగిలితే పాత గచ్చు తవ్వకుండా దాని మీదే కొత్త గచ్చు పోసేశారు. నేల పైకొచ్చింది, స్తంభం ఉన్నచోటే ఉండిపోయింది. ఓ ఆదివారం బల్ల వేసుకుని టేపుతో కొలిచాం. తూర్పు రింగు 3.04 మీటర్లు వచ్చింది, పడమటిది 2.96. తేడా ఓ అరచెయ్యి వెడల్పంత. కంటికి ఆనదు గానీ చేతికి అలవాటైపోతుంది.

దీపం కూడా ఆ పొట్టి రింగు వైపే ఉంది. వీధిదీపం రోడ్డు పక్కన, పడమటి వైపు. మనది తూర్పు తీరం కదా, చలికాలంలో ఐదున్నరకే పొద్దు గూకిపోతుంది, తూర్పు సగం చీకట్లో ములుగుతుంది. దాంతో సాయంత్రం ఆటంతా పడమటి రింగు మీదే. రోజూ అక్కడే ఆడే కుర్రాళ్లు బయట ఎక్కడికైనా మ్యాచ్‌కి వెళ్తే మొదటి పది నిమిషాలూ బంతి రింగు ముందంచుకే కొట్టుకుంటుంది. టెన్షన్ అనుకుంటారు పాపం. దీపం మార్చమని ఆఫీసుకి కాగితం పెట్టాం. కాగితం తీసుకున్నారు.

బోర్డులు రెండూ ఇనుప రేకువి. గాజు బోర్డుకి తగిలినట్టు బంతి చురుగ్గా వెనక్కి రాదు, రేకు ఊగి సగం ఊపు మింగేస్తుంది. బోర్డుకి కొట్టి వేసే షాటు ఇక్కడ కాస్త పైకి, కాస్త గట్టిగా కొట్టాలి. ఇక చప్పుడు సంగతి చెప్పక్కర్లేదు. ఐదింటికే మొదలుపెడితే ఎదురింటి పెద్దాయన వరండాలోకి వచ్చి "ఏటి బాబూ, కోడి కూయకముందే రేకు వాయిస్తన్నావు?" అంటారు. కోప్పడరు, అంతే అంటారు. ఆ మాట అనిపించుకోవడం ఇష్టం లేక ఆరు దాకా బోర్డు జోలికి పోకుండా నేరుగా రింగులోకి వెయ్యడం అలవాటు చేసుకున్నాను.

రింగులకి స్ప్రింగు లేదు, కదలని గట్టి ఇనుము. కొంచెం అటూ ఇటూ అయితే బంతి ఎక్కడికో ఎగిరిపోతుంది. రింగు లోపలి వెడల్పు 45 సెంటీమీటర్లు, మగవాళ్లు ఆడే ఏడో నంబరు బంతి దాదాపు 24. వినడానికి బోలెడంత చోటున్నట్టే ఉంటుంది. కానీ బంతి బల్లపరుపుగా వస్తే రింగు మూతి దానికి సన్నగా కనిపిస్తుంది, ఎత్తు నుంచి దిగితేనే పూర్తిగా తెరుచుకుంటుంది. మెత్తటి రింగున్న ఇండోర్ కోర్టులో బల్లపరుపు షాటు కూడా అంచు తగిలి దొర్లుకుంటూ లోపల పడుతుంది. ఇక్కడ ఆ దయ లేదు. ఈ రింగు మీద నిలకడగా వేస్తున్నవాళ్లని చూడండి, అందరి షాటూ ఎత్తుగానే ఉంటుంది. తూర్పు రింగు నాకు నేర్పిన విద్య ఇదే. దీనికి డబ్బిచ్చి కోచింగు అక్కర్లేదు.

నెట్టు గురించి కొంచెం ఎక్కువే చెప్తాను. నెట్టు లేని రింగు మీద ఆడితే దూరం నుంచి పడిందో లేదో తెలీదు, పడినా బంతి ఆగకుండా వెనకున్న కాలవలోకి పోతుంది. రింగుకి నెట్టు తగిలించడానికి పన్నెండు కొక్కేలుండాలి. తూర్పు రింగుకి ఏడు మిగిలాయి, మిగతా చోట్ల ఇనుప తీగ చుట్టుకున్నాం. బజారులో దొరికే నైలాన్ నెట్టు ఎండకీ వానకీ పెళుసెక్కి ఒక్క ఏడాదిలో దారాలైపోతుంది. గోపాల్‌పూర్ జాలరిపేట నుంచి ఇక్కడ పనికొచ్చే ఓ కుర్రాడు మాతో ఆడతాడు. వాళ్లింట్లో తెలుగే మాట్లాడతారు, తాతల నాటి నుంచీ సముద్రం మీదే బతుకు. ఓసారి మేం చందా వేస్తుంటే ఆగమన్నాడు. మర్నాడు వల అల్లే సూదీ లావుపాటి తాడూ తెచ్చి, మెట్టు మీద కూర్చుని, ఎడమ బొటనవేలికి తాడు చుట్టి ఒక్కో కన్నూ ఒకే కొలతలో ముడేసుకుంటూ పోయాడు. పైన వెడల్పుగా, కింద బంతిని ఒక్క క్షణం పట్టి వదిలేలా సన్నగా. తుపానుగాలికి బోర్డు వంగింది గానీ ఆ నెట్టు చెక్కు చెదరలేదు.

గీతలు మాత్రం పాతకాలంవి. రింగు కింద ఉండే ఆవరణ రింగుకి దూరంగా ఉన్న వైపు సన్నగా, దగ్గరి వైపు వెడల్పుగా ఉంటుంది, మూడు పాయింట్ల గీత 6.25 మీటర్ల దూరంలో. ప్రపంచ బాస్కెట్‌బాల్ సంఘం ఫిబా 2010లోనే ఈ రెండూ మార్చేసింది. ఆవరణ 4.9 మీటర్ల దీర్ఘచతురస్రమైంది, మూడు పాయింట్ల గీత 6.75 దూరానికి జరిగింది. మా కోర్టుకి తర్వాత రంగు వేసినవాళ్లు పాత గీతల మీదే బ్రష్షు పోనిచ్చారు. సరదా ఆటకి ఫర్వాలేదు. గట్టిగా సాధన చేసేవాళ్లు రింగు మధ్యకి సరిగ్గా కింద నేల మీద గుర్తు పెట్టి, అక్కణ్నుంచి 6.75 కొలిచి సుద్దముక్కతో అడ్డగీత గీసుకోవడం మేలు. అర మీటరు అంటే ఏముందిలే అనిపిస్తుంది. వేసి చూడండి, మోకాళ్లు చెప్తాయి.

బంతి రబ్బరుదే కొనండి. తోలులా ఉండే ఖరీదైన బంతి ఈ గరుకు గచ్చు మీద నెలల్లో గుండైపోతుంది, గోపాల్‌పూర్ వైపు నుంచొచ్చే తేమగాలికి జారుడు కూడా. మగవాళ్లకి ఏడో నంబరు, ఆడవాళ్లకి ఆరు, పన్నెండేళ్ల లోపు పిల్లలకి ఐదు. నాన్న బంతని పదేళ్ల పిల్లాడి చేతికి ఏడో నంబరు ఇస్తే వాడు రెండు చేతులతో తల మీంచి విసరడం నేర్చుకుంటాడు, ఆ అలవాటు తర్వాత ఓ పట్టాన పోదు. బూట్ల విషయంలో పరుగు బూట్లు వద్దు, పక్కకి తిరిగితే చీలమండ మడత పడుతుంది. అడుగు చదునుగా, వెడల్పుగా ఉన్నవి చాలు. సిమెంటు నేల కాబట్టి గెంతులు మితంగా పెట్టుకోండి. నలభై దాటినవాళ్లయితే మరీ.

సాయంత్రం ఆట సగం కోర్టులో ముగ్గురు ముగ్గురుగా. టోక్యో ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టిన త్రీ బై త్రీ పద్ధతి దాదాపు ఇదే. అక్కడ పది నిమిషాలు, లేదా ముందుగా 21 పాయింట్లు. మా దగ్గర ఏడు బుట్టలు, గెలిచినవాళ్లు దిగరు. కొత్తవాళ్లు వచ్చి పక్కన నిలబడితే చాలదు, "భాయినా, తర్వాతి ఆట మాది" అని గట్టిగా చెప్పాలి, లేకపోతే చీకటి పడేదాకా నిలబెడతారు. ఫౌలు ఎవరికి తగిలిందో వాళ్లే చెప్పుకోవాలి. గొడవ ఒడియాలో మొదలై, తెలుగులో ముదిరి, హిందీలో సర్దుకుంటుంది. చెయ్యి చేసుకోవడం దాకా వెళ్లడం నేను చూడలేదు. ఆట నాణ్యత గురించి అడిగితే, పాసింగు తక్కువ, హీరోయిజం ఎక్కువ.

కోర్టు మనొక్కళ్లదే అనుకుంటే కుదరదు. టెన్నిస్ బంతి క్రికెట్‌కి స్తంభమే వికెట్టు. స్కూటీ నేర్చుకునేవాళ్లు చుట్లు కొడతారు. నడకకి వచ్చే పెద్దవాళ్లు గీత వెంబడే నడుస్తారు, వాళ్లకి దారిచ్చి "నమస్కారం మావయ్యగారూ" అంటే మీ బంతి కాలవలో పడినా వాళ్లే తీసిస్తారు. పెళ్లికో పూజకో పందిరి వేస్తే గచ్చులో గుంజలకి కన్నాలు పడతాయి. మా ఊరి అమ్మవారి ఠాకురాణి జాత్ర వచ్చిన ఏడాది చైత్రంలో ఊరంతా వీధుల్లోనే ఉంటుంది, అప్పుడు ఆట గురించి ఆలోచించడం కూడా దండగ.

ఒడిశాలో ఆట అనగానే హాకీ. 2018లోనూ 2023లోనూ పురుషుల ప్రపంచకప్పు భువనేశ్వర్‌కి తెచ్చుకున్న రాష్ట్రం, ఆ గర్వం న్యాయమే. బాస్కెట్‌బాల్‌కి అంత చూపు ఎవరూ ఇవ్వరు, పేట కోర్టుల సంగతి సరేసరి.

నాకు నిజంగా కష్టమనిపించేది ఆడపిల్లల సంగతి. పొద్దున్న నలుగురైదుగురు వస్తారు, బాగా ఆడతారు. సాయంత్రం ఒక్కరూ కనిపించరు. ఎవరూ రావద్దనలేదు, కానీ ఉన్న ఒక్క దీపం కింద ముప్పైమంది మగపిల్లలుంటే ఏ తల్లి పంపుతుంది? తూర్పు వైపు ఇంకో దీపం పడితే సగం సమస్య ఆ రాత్రే తీరుతుందని నా నమ్మకం.

వానాకాలంలో జాగ్రత్త. గచ్చు ఆగ్నేయ మూలకి వాలి ఉంటుంది, నీళ్లన్నీ అక్కడే నిలుస్తాయి, వారం తిరక్కుండా నాచు పడుతుంది. బ్లీచింగు పౌడరు జల్లి కొబ్బరి చీపురుతో రుద్దితే పోతుంది, మళ్లీ వస్తుంది. వాన వెలిసిన మర్నాడు వస్తే ఫ్రీ త్రో గీత దాకా పొడిగానే ఉంటుంది, నిలబడి షాట్లు వేసుకోవచ్చు. తూర్పు రింగుకి కుడి పక్క నుంచి లేఅప్‌కి, అంటే పరుగున వచ్చి రింగు దగ్గర వేసే షాటుకి మాత్రం పరిగెత్తకండి.