తాళం తిప్పితే లేచే ల్యాప్‌టాప్: మూడేళ్ల వాడకం తరువాత

హనుమకొండలో ఇంటి ముందు బండి తాళం తిప్పుతాను. ఇంజిను అందుకున్నాక అర నిమిషానికి వెనుక సీటు కింద ల్యాప్‌టాప్ ఉన్న ఇనుప పెట్టెలోంచి సన్నగా ఫ్యాను చప్పుడు మొదలవుతుంది. పెద్ద రోడ్డెక్కేసరికి ఎడమ సీటు ముందున్న తెరమీద నిన్న సాయంత్రం వదిలిన పటం వదిలినట్టే ఉంటుంది. అదే సర్వే నంబరు, అదే గట్టు, అదే ఎర్రగీత. 2022 నవంబరు నుంచి నా రోజు ఇలాగే మొదలవుతోంది. ఈ ఏర్పాటు మీద ఇప్పుడు నమ్మకంగా నాలుగు మాటలు రాయగలను.

భూముల కొలత నా వృత్తి. పరకాల, నర్సంపేట, ములుగు, భూపాలపల్లి వైపు తిరుగుతాను. ఉపగ్రహ రిసీవరుతో తీసిన బిందువులను గ్రామ నక్షా మీద పరిచి, పొలం దగ్గరే రైతుకు చూపించాలి. గుంట అంటే 121 చదరపు గజాలు. రెండు గుంటల తేడాతో ఏళ్లుగా మాటల్లేని అన్నదమ్ములను చూశాను. ఇద్దరూ గట్టు మీద నిలబడి చూస్తుండగా ల్యాప్‌టాప్ మొరాయిస్తే కొలత మీద నమ్మకం పోతుంది. అందుకే దీని కోసం ఇంత తాపత్రయపడ్డాను.

మూడేళ్లలో నాకు తేలింది ఒక్కటే. తాళం తిప్పగానే ల్యాప్‌టాప్‌ను లేపడం సులువు. తాళం తీశాక దాన్ని సక్రమంగా పడుకోబెట్టడమే కష్టం. ఈ పని చేసిపెడతామనే వాళ్లందరూ మొదటిది చూపించి డబ్బు తీసుకుంటారు, రెండోది ఎవరూ మాట్లాడరు. నేను పెట్టిన ఖర్చులోనూ, పోగొట్టుకున్న సమయంలోనూ ముప్పాతిక భాగం రెండోదానికే పోయింది.

బండి డీజిల్ బొలెరో. ల్యాప్‌టాప్ పాతదే, 20 వోల్టులు, 65 వాట్లు తీసుకునే రకం. మొదట్లో సిగరెట్ లైటర్ సాకెట్‌కు చిన్న ఇన్వర్టరు పెట్టాను. 12 వోల్టులను 230 చేసి, చార్జరు దాన్ని మళ్లీ 20కి దించడం వృథా పని. రెండు చోట్లా వేడి, రెండు చోట్లా నష్టం. ఆరు నెలలకే తీసేశాను. ఇప్పుడున్నది 12 నుంచి నేరుగా 20కి పెంచే బూస్ట్ కన్వర్టరు. ల్యాప్‌టాప్ పూర్తి భారం మీద ఉన్నా బ్యాటరీ నుంచి సుమారు 6 ఆంపియర్లే లాగుతుంది. 10 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ సరిపోయాయి.

కన్వర్టరుకు కరెంటు నేరుగా తాళం లైను నుంచి, అంటే ఇంజిను నడవకపోయినా తాళం తిప్పితే కరెంటు వచ్చే ఏసీసీ తీగ నుంచి, తీసుకోకూడదు. మధ్యలో రిలే, అంటే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును కలిపి తెంచే స్విచ్చి, ఉండాలి. రిలే మీద అంకెలు ఉంటాయి: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే తీగ, 87 నుంచి కన్వర్టరు, 85 ఎర్తుకు, 86 తాళం లైనుకు. అప్పుడు తాళం లైను మీద పడే భారం రిలే చుట్టకు (కాయిల్‌కు) కావలసిన కొద్దిపాటి కరెంటే. బండి ఆగి ఉన్నప్పుడు కన్వర్టరు పూర్తిగా తెగి ఉంటుంది. ఇది చిన్న విషయం కాదు. ఊరికే ఉన్న కన్వర్టరు 50 మిల్లీఆంపియర్లు తాగుతుందనుకుంటే, పది రోజులు బండి తీయకపోతే 12 ఆంపియర్ అవర్లు పోయినట్టే.

బిగించిన ఎలక్ట్రీషియన్ చేతిపని మంచిది. ఒక్క చోట వాదన వచ్చింది. ఫ్యూజును ఆయన ల్యాప్‌టాప్ పెట్టె పక్కన పెట్టాడు. "ఎక్కడుంటే ఏమిటి సార్, మధ్యలో ఉంది కదా" అన్నాడు. "బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న తీగ రేకుకు రాసుకుంటే దాన్ని ఆపేదెవరు, అన్నా?" అన్నాను. ఒక్క క్షణం ఆలోచించి, ఫ్యూజు తీసి బ్యాటరీకి జానెడు దూరంలో పెట్టాడు. ఇంజిను గదిలోంచి తీగ లోపలికి వచ్చే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ కూడా వేశాడు. ఎర్తు తీగను మాత్రం రంగు గీకకుండా బోల్టు కింద బిగించాడు. నాలుగు నెలలకు కన్వర్టరు అకారణంగా కాలిపోతున్నంత వేడెక్కింది. మీటరు పెట్టి చూస్తే ఎర్తు దగ్గరే ఒక వోల్టుకు పైగా పడిపోతోంది. రంగు గీకి, పళ్ల వాషరు వేసి బిగించాక ఆ బాధ మళ్లీ రాలేదు.

ఇక లేపే పద్ధతి. మొదట ల్యాప్‌టాప్ విప్పి పవర్ బటన్ రెండు కొసలకు తీగలు అతికించాం. తాళం తిప్పగానే చిన్న రిలే ఆ రెండింటినీ కలపాలి. కలిపి ఉంచితే కుదరదు. బటన్‌ను నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకుంటే ల్యాప్‌టాప్ బలవంతంగా ఆరిపోతుంది. అందుకని రిలే చుట్టకు వరుసలో పెద్ద కెపాసిటర్ పెట్టాం. అది నిండేలోపు అర సెకను రిలే పట్టి వదులుతుంది, వేలితో నొక్కినట్టే. తాళం తీశాక కెపాసిటర్ ఖాళీ కావడానికి ఒక రెసిస్టరు. బల్ల మీద ముచ్చటగా పనిచేసింది.

రోడ్డు మీద వారంలోనే తేలిపోయింది. క్లచ్ తప్పి బండి ఆగితే మళ్లీ తాళం తిప్పుతాం. అప్పటికే ల్యాప్‌టాప్ లేచి ఉంటుంది. రెండోసారి నొక్కిన నొక్కు దాన్ని పడుకోబెడుతుంది. బటన్‌కు లేపడం, ఆపడం అని రెండు పనులుంటే, తాళానికి వాటి తేడా తెలియదు. ఈ పద్ధతిని ఎవరికీ సిఫారసు చేయను.

సమాధానం ల్యాప్‌టాప్‌లోనే ఉంది. కార్యాలయాల కోసం తయారైన చాలా మోడళ్ల బయోస్‌లో (విండోస్ కన్నా ముందే నడిచే అమరికల ప్రోగ్రాములో), చార్జరు కరెంటు తగలగానే తనంతట తాను లేచే అమరిక ఉంటుంది. థింక్‌ప్యాడ్‌లలో దాని పేరు 'పవర్ ఆన్ విత్ ఏసీ అటాచ్', డెల్ లాటిట్యూడ్‌లలో 'వేక్ ఆన్ ఏసీ'. దాన్ని ఆన్ చేశాక బటన్ తీగలు పీకేశాం. పాత ల్యాప్‌టాప్ కొనేముందు ఈ ఒక్క అమరిక బయోస్‌లో ఉందో లేదో చూసుకోండి. ప్రాసెసరు వేగం కన్నా ఈ పనికి అదే ముఖ్యం.

ఆపడం దగ్గరికి వద్దాం. తాళం తీయగానే కన్వర్టరు ఆగుతుంది, ల్యాప్‌టాప్ తన సొంత బ్యాటరీ మీద నడుస్తుంది. అక్కడి నుంచి అది హైబర్నేట్ కావాలి, అంటే మెమరీలో ఉన్నదంతా డిస్కుకు రాసుకుని పూర్తిగా ఆరిపోవాలి. మామూలు నిద్ర పనికిరాదు. నిద్రలో ఉన్న యంత్రం చార్జు తింటూనే ఉంటుంది, పైగా నా దానిలో కరెంటు వచ్చినా లేవలేదు. హైబర్నేట్ అయినది లేస్తుంది, లేచాక తెరిచి ఉన్న పటం తెరిచి ఉన్నట్టే ఉంటుంది.

మొదట విండోస్ పవర్ సెట్టింగుల్లో, బ్యాటరీ మీద మూడు నిమిషాలు ఖాళీగా ఉంటే హైబర్నేట్ కమ్మని పెట్టాను. కొన్నాళ్లు బాగానే ఉంది. ఒక ఉదయం చూస్తే ల్యాప్‌టాప్ పూర్తిగా ఖాళీ. రాత్రంతా మూసిన పెట్టెలో మేలుకునే ఉంది. రిసీవరు ప్రోగ్రాము 'నేను పనిలో ఉన్నాను' అని విండోస్‌కు చెబుతూ నిద్రను అడ్డుకుందని పవర్‌సీఎఫ్‌జీ ఆదేశంతో చూస్తే తెలిసింది. ఆ తరువాత విండోస్‌లో పనులను తనంతట తానే నడిపే టాస్క్ షెడ్యూలరులో ఒక పని రాసుకున్నాను. కరెంటు ఆధారం మారినప్పుడల్లా విండోస్ కెర్నల్-పవర్ 105 అనే ఈవెంటు నమోదు చేస్తుంది. అది పడగానే మూడు నిమిషాలు ఆగి, అప్పటికీ బ్యాటరీ మీదే ఉంటే, ఏ ప్రోగ్రాము ఏమన్నా వినకుండా హైబర్నేట్ చేస్తుంది. మూత మూసి ఉంటే ఏమీ చేయవద్దనే అమరిక కూడా తప్పనిసరి. నా ల్యాప్‌టాప్ ఎప్పుడూ మూసే ఉంటుంది, తెర వేరు.

మిగిలింది సెల్ఫ్ సమస్య. నిండుగా 12.6 వోల్టులున్న బ్యాటరీ డీజిల్ ఇంజినును తిప్పేటప్పుడు తొమ్మిది, పది వోల్టులకు జారుతుంది. ఇంజిను అందుకోగానే ఆల్టర్నేటరు 14కు లేపుతుంది. ఈ ఎగుడుదిగుడులో కన్వర్టరు ఒకసారి ఆగి మళ్లీ లేస్తుంది, ల్యాప్‌టాప్‌కు చార్జరు పీకి పెట్టినట్టవుతుంది. దీనికి మందు ముప్పై సెకన్లు ఆలస్యంగా పట్టే టైమర్ రిలే. నా బండిలో సెల్ఫ్ తిప్పేటప్పుడు ఏసీసీ లైను తెగుతుంది కనుక లెక్క ఇంజిను అందుకున్నాకే మొదలవుతుంది. కన్వర్టరు ఎప్పుడూ నిలకడైన వోల్టేజీనే చూస్తుంది. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర రోజుల్లో గోవిందరావుపేట దగ్గర పని పడింది. పస్రా దాటాక బారులు తీరిన వాహనాల మధ్య ఎన్నిసార్లు ఇంజిను ఆపి మళ్లీ స్టార్ట్ చేశానో లెక్కలేదు. ల్యాప్‌టాప్ ఒక్కసారి కూడా తడబడలేదు. ఈ ఏర్పాటు మీద నాకు ప్రేమ కలిగింది ఆ రోజే.

అయినా ఒక లోపం మిగిలే ఉంది. ల్యాప్‌టాప్ హైబర్నేట్ అవుతున్న ఇరవై సెకన్లలో కరెంటు తిరిగి వస్తే, ఆ రాకను అది గమనించదు. ఆరిపోయాక చూస్తే కరెంటు అప్పటికే ఉంది, కొత్తగా తగిలింది కాదు, కనుక లేవదు. టైమర్ రిలేతో ఇదీ తీరుతుందనుకున్నాను. కాగితం మీద సమయాలు గీసి చూస్తే, ఆ ఇరవై సెకన్ల కిటికీ ముందుకు జరుగుతుంది తప్ప మూసుకోదు. తాళం ఒకసారి తీసి మళ్లీ తిప్పితే చాలు, అర నిమిషానికి లేస్తుంది. మూడేళ్లలో ఐదారుసార్లు జరిగి ఉంటుంది, దానితో సర్దుకున్నాను.

అన్నిటికన్నా పెద్ద శత్రువు మన ఎండ. మేలో వరంగల్‌లో 44 డిగ్రీలు దాటిన రోజు, పొలం పక్కన నీడ లేక ఆపిన బండి లోపల ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. లిథియం బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీలు మించాక చార్జు చేయకూడదు. నిండుగా చార్జు చేసి వేడిలో ఉంచితే మరీ చెడతాయి. నేను రెండూ చేశాను. 2024 మేలో ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బి, తన గూటిలో కదలకుండా బిగుసుకుంది. బలంగా పీకకుండా, పొడవకుండా నెమ్మదిగా తీసి, ఆరుబయట ఇసుక తొట్టిలో పెట్టి, తరువాత ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇచ్చాను.

కొత్తది వచ్చేలోపు రెండు వారాలు బ్యాటరీ లేకుండానే నడిపాను. అదే నేను చేసిన పొరపాటు. తాళం తీసిన క్షణమే ల్యాప్‌టాప్ చచ్చిపోతుంది. మూడో రోజునే వర్ధన్నపేట వైపు ఒక పొలం పటం ఫైలు పాడైపోయింది. బిందువులు రిసీవరులో భద్రంగా ఉన్నాయి కానీ, సగం రోజు గీసిన గట్లన్నీ మళ్లీ గీయాల్సి వచ్చింది. ఈ మొత్తం అమరికలో అసలు భాగం రిలే కాదు, కన్వర్టరు కాదు, ల్యాప్‌టాప్ సొంత బ్యాటరీ అని అప్పుడు అర్థమైంది. ఇప్పుడు చార్జు 60 శాతం దాటకుండా పరిమితి పెట్టాను. మూడు నిమిషాలు నడవడానికి అది ఎక్కువే. పెట్టెకు రెండు 12 వోల్టుల ఫ్యాన్లు బిగించాను. పత్తి చేల మధ్య తిరిగే బండి కనుక ఫ్యాన్ల జాలీ పదిహేను రోజులకోసారి దులపాలి, లేకపోతే నల్లరేగడి దుమ్ము పొరగా పేరుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బండి ఎండలో నిలపాల్సి వస్తే ల్యాప్‌టాప్‌ను సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్తాను. కనెక్టర్లు చేతితో ఊడేలా ఉండాలన్నది అక్కడే నేర్చుకున్నాను.

ఏసీసీ లైను వల్ల ఇంజిను ఆపి కూడా పనిచేసుకోవచ్చు. పరకాల దగ్గర ఒక జనవరి ఉదయం మూడు గంటలు అలాగే పనిచేశాక సెల్ఫ్ తిరగలేదు. కొలతకు వచ్చిన రైతులే నలుగురు బండిని తోశారు. వారం తిరగకుండా తక్కువ వోల్టేజీ కటాఫ్ కొని కన్వర్టరు ముందు పెట్టాను. బండి బ్యాటరీ 12.1 వోల్టులకు దిగితే కరెంటు తెంచేస్తుంది. ఆ వెంటనే మూడు నిమిషాల లెక్క మొదలై, పటం భద్రంగా డిస్కుకు చేరుతుంది. సెల్ఫ్‌కు కావలసిన బలం బండిలో మిగులుతుంది.

ల్యాప్‌టాప్, తెర కాకుండా అన్నీ కలిపి నాకు ఏడు వేల రూపాయల లోపే అయింది. అందులో కటాఫ్, టైమర్ రిలే లేకుండా చేసి చౌకగా ఇస్తామంటే ఒప్పుకోకండి. ల్యాప్‌టాప్ చేతికి అందేచోట ఉండి, బటన్ నొక్కడం ఇబ్బంది కాని వారికి ఇదంతా అవసరం లేదు. పగలంతా పది ఊళ్లు తిరిగి, దిగిన ప్రతిచోటా పటం సిద్ధంగా ఉండాలనుకునే వారు మాత్రం ధైర్యంగా చేయించుకోండి. పని పూర్తయిందని ఎలక్ట్రీషియన్ చెప్పాక వెంటనే డబ్బు ఇవ్వవద్దు. తాళం తీసి, టీ తాగి వచ్చి, పెట్టె తెరిచి ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉండాలి, దీపాలన్నీ ఆరి ఉండాలి.