మొదటి క్లాసికల్ గిటారుకు ఏది మేలు: కిట్టా, డిపో చెక్కా?

సొంతంగా గిటారు చేసుకుందామనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఇదే. నా మాట మొదటే చెప్పేస్తాను: మొదటిదానికి కిట్టే, అంటే గిటారు విడిభాగాలతో వచ్చే పెట్టే మేలు. కాకపోతే అన్నీ అతికించి పంపేది వద్దు, సైడ్స్ (పక్క పలకలు) వంచి, తీగలను వేళ్లతో నొక్కే ఫ్రెట్‌బోర్డుకు గాట్లు కోసి ఇచ్చి, టాప్ (పై పలక) పనంతా మనకు వదిలేసే కిట్ తీసుకోండి. నేను రెండు రకాలుగానూ చేశాను. మల్కాజిగిరిలో మా డాబా మీది గదిలో మొదటి గిటారు చెక్క కొని చేసిందే, రెండోది కిట్.

హైదరాబాద్‌లో ఉంటే చెక్క కొనాలనే ఆశ ఎవరికైనా పుడుతుంది. 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారం మీద అంతర్జాతీయ నిషేధం వచ్చాక, మంచి గిటార్ల వెనక పలకకు, పక్కలకు ఎక్కువగా వాడుతున్నది మన భారతీయ రోజ్‌వుడ్డే, మనవాళ్లు జిట్రేగి అనేది. ఇంట్లో ఉన్న చెక్కకు బయటి నుంచి కిట్ ఎందుకని నేనూ అనుకున్నాను. తీరా టింబర్ డిపోకి వెళ్తే దొరికింది తలుపులకు, మంచాలకు కోసిన చెక్క. మా వీధి చివర వడ్రంగి అన్నకు చూపించి రెండు మిల్లీమీటర్లకు తేగలవా అని అడిగితే, పలకను పక్కకు తిప్పి చూసి, "తెస్తా తమ్మీ, కానీ వంచేటప్పుడు ఇరుగుతది. గీత సక్కగ లేదు, అడ్డం పోయింది చూడు" అన్నాడు. నేను వినలేదు. చెక్క తడిపి, వేడెక్కిన ఇనుప గొట్టం మీద ఒత్తుతూ గిటారు నడుము దగ్గరికి వచ్చేసరికి, అప్పటిదాకా మెల్లగా లొంగుతున్న పలక ఆ గీత దగ్గరే టప్‌మని విరిగింది. అలా మూడు పలకలు పోయాయి. టాప్‌కు కావలసిన స్ప్రూస్ చెక్క అయితే ఏ డిపోలోనూ దొరకలేదు, అది ఎలాగూ బయటి నుంచే తెప్పించాను.

తర్వాతిది ఫ్రెట్ల లెక్క, అంటే ఫ్రెట్‌బోర్డు మీద అడ్డంగా దిగే లోహపు పట్టీలు ఎక్కడెక్కడ రావాలన్నది. తీగ పొడవు 650 మిల్లీమీటర్లు అనుకుంటే దాన్ని 17.817తో భాగించాలి, మొదటి ఫ్రెట్ 36.48 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది, మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తూ పోవాలి. లెక్క సులువే, కోత సులువు కాదు. పై ఫ్రెట్ల దగ్గర అర మిల్లీమీటరు తప్పినా చెవికి తెలిసిపోతుంది, ఆ తప్పును తర్వాత ఏ ట్యూనింగూ సరిచేయదు. కిట్‌లో ఈ గాట్లు మిషన్ మీద కోసినవి వస్తాయి. కిట్ ధరలో సగం దీనికే ఇచ్చాననుకున్నా నాకు బాధ లేదు.

మరి వంచడం, కోయడం నేర్చుకోకపోతే అది గిటారు చేసినట్టేనా అని కొందరు అంటారు. వాళ్లకు టోర్రెస్ గురించి చెప్తాను. ఈనాటి క్లాసికల్ గిటారు రూపానికి మూలపురుషుడైన ఆంటోనియో డి టోర్రెస్ 1862లో ఒక గిటారుకు వెనక భాగం, పక్కలు కాగితపు అట్టతో చేసి, టాప్ మాత్రం స్ప్రూస్‌తో పెట్టాడు. నాదం ప్రధానంగా టాప్‌లోనే ఉందని చూపించడానికే ఆ పని చేశాడు. ఆ గిటారు బార్సిలోనా మ్యూజియంలో ఉంది. అందుకే, టాప్‌కు బ్రేసులు (లోపలి సన్నని చెక్క పట్టీలు) అతికించేసిన కిట్ కొంటే నేర్చుకోవలసిన పనే చేజారినట్టు.

ఆ పని ఎలా ఉంటుందో చెప్తాను. టాప్‌ను ముందు రెండున్నర మిల్లీమీటర్ల దాకా చిత్రిక పట్టి, లోపల విసనకర్రలా ఏడు బ్రేసులు అతికిస్తాం. ఆరాక పై అంచును రెండు వేళ్లతో వేలాడేలా పట్టుకుని, తీగలు కట్టే బ్రిడ్జ్ వచ్చే చోట బొటనవేలితో తడితే మొదట అట్టపెట్టెను కొట్టినట్టు టక్‌మని ఆగిపోతుంది. ఉలితో బ్రేసుల కొనలు కొంచెం కొంచెం చెక్కుతూ, తడుతూ, మళ్లీ చెక్కుతూ ఉంటే ఒక దశలో ఆ టక్ కాస్తా సాగి లోతుగా మోగుతుంది. ఆ రోజు సాయంత్రం మా అమ్మను డాబా మీదికి పిలిచి మరీ వినిపించాను.

టాప్‌కు స్ప్రూసా, సెడారా అంటే, మొదటిసారికి స్ప్రూస్. 1960లలో మాడ్రిడ్‌లో గిటార్లు చేసే హోసే రమీరెజ్ III వాడకంతో పేరొచ్చిన సెడార్ మొదటి రోజు నుంచే వెచ్చగా పలుకుతుంది, స్ప్రూస్ విచ్చుకోవడానికి నెలలు పడుతుంది. కానీ సెడార్ మరీ మెత్తన, గోరు తగిలినా గుంట పడుతుంది, కొత్త చేతులకు ఆ టెన్షన్ ఎందుకు. నెక్ (గిటారు మెడ) విషయంలో సైడ్స్‌ను నెక్ మడమలోకే, అంటే అది బాడీని కలిసే మొదట్లోకే దించే స్పానిష్ పద్ధతి అందంగా ఉంటుంది, కానీ కోణం తప్పితే సరిచేయడం చాలా కష్టం. బోల్టుతో బిగించేదైతే విప్పి మళ్లీ సరిచేసుకోవచ్చు.

ఏ దారిలో వెళ్లినా మన ఊళ్లో అసలు గండం గాలిలోని తేమ. చెక్క తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండితే అడ్డంగానే కుంచించుకుపోతుంది. నేను మొదటి గిటారు బాక్స్‌ను (టాప్, పక్కలు, వెనక పలక కలిసిన డొల్లను) ఆగస్టులో, ముసురు పట్టిన వారంలో మూసేశాను, అప్పుడు గదిలో తేమ 75 శాతం పైనే. మే నెలలో అది 25 లోపుకు పడిపోయింది. అడ్డంగా అతికించిన బ్రేసులు, బ్రిడ్జ్ టాప్‌ను కదలనివ్వవు కదా, ఒక మధ్యాహ్నం బ్రిడ్జ్ పక్క నుంచి కింది అంచు దాకా జానెడు పగులు విచ్చుకుంది. సన్నని స్ప్రూస్ పుడక జిగురుతో దించి పూడ్చాను, నాదం పోలేదు, కానీ ఆ గీత కనబడినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. తేమ చూపే చిన్న మీటరు తప్పకుండా కొనండి.

ఖర్చు మాటకొస్తే కిట్‌కు కొరియర్, కస్టమ్స్ సుంకం కలిసి బరువుగానే ఉంటుంది. కానీ చెక్కతో మొదలుపెడితే వంచే గొట్టం, అచ్చు, ఫ్రెట్ రంపం, మందం తగ్గించే పని, విరిగిన పలకలు, అన్నీ కలిపి నాకు ఏమీ మిగల్లేదు. కిట్‌కు కావలసినవి పదునైన ఉలి, చిన్న రంద, రాణిగంజ్‌లో దొరికే క్లాంపులు, లోపలి అంచు పట్టీలు అతికేటప్పుడు పట్టి ఉంచడానికి నాలుగు డజన్ల బట్టల క్లిప్పులు. ఇంట్లో వడ్రంగం తెలిసినవాళ్లుండి, పలకలు విరిగినా ఫర్వాలేదనుకుంటే చెక్కతోనే మొదలుపెట్టండి. మిగతావాళ్లు వానాకాలంలో కిట్ తెప్పించి పెట్టుకుని, విప్పిన చెక్కను ఇంటి గాలికి అలవాటు పడనిచ్చి, బ్రేసులు అతికించడం, బాక్స్ మూయడం మాత్రం నవంబరు దాటాక, మీటరు 45, 50 మధ్య నిలబడిన రోజున పెట్టుకోండి.