లండన్ స్టేషన్ గేట్లు, ఆరేళ్ల వాడకం తర్వాత: నా పేచీ తెరిచి ఉన్న గేటుతోనే

ఈ గేట్ల మధ్య నుంచి ఆరేళ్లుగా నడుస్తున్నాను, వారానికి నాలుగు రోజులు, రానూ పోనూ. ముందే డబ్బు వేసుకుని వాడే ఓయిస్టర్ కార్డు 2003లో వచ్చిందని, 2014 సెప్టెంబర్ నుంచి ట్యూబ్‌లో, అంటే భూగర్భ రైల్లో, బ్యాంకు కార్డే తాకించి వెళ్లొచ్చని, జోన్లను బట్టి చార్జీ పడుతుందని ఇక్కడ దిగిన వారంలోనే అందరికీ తెలిసిపోతుంది. వాటి జోలికి పోను. చార్జీ ఎగ్గొట్టేవాళ్ల కోసం పెట్టిన ఈ గేట్లు డబ్బు కట్టేవాళ్లకు ఎప్పుడు, ఎందుకు ఎదురు తిరుగుతాయో మాత్రం చాలామందికి తెలియదు. నాకు కోపం ఉన్నది అక్కడే.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను. కార్డు తాకించిన అర సెకనులో జవాబు వస్తుంది. సాయంత్రం ఆరింటికి లివర్‌పూల్ స్ట్రీట్ లాంటి స్టేషన్లో గేటు గేటుకీ వరస ఉన్నా ఎవరూ నిలబడిపోరు, వరస నడుస్తూనే ఉంటుంది. పసుపు రీడర్ మీద కార్డు, పచ్చ దీపం, ఒక అడుగు ముందుకు. నెల తిరిగేసరికి ఇది ఆలోచించకుండా చేసే పని అయిపోతుంది.

ఎగ్గొట్టేవాళ్లు ముఖ్యంగా మూడు రకాలుగా దాటుతారు. మన వెనకాలే అంటుకుని వచ్చేస్తారు. లేదంటే గేటు రెక్కలను రెండు చేతులతో నెట్టుకుని పోతారు. అన్నిటికన్నా తేలికైనది వెడల్పు గేటు. చక్రాల కుర్చీలకు, పిల్లల బండ్లకు, పెద్ద సూట్‌కేసులకు పెట్టిన గేటు అది. నెమ్మదిగా నడిచేవాళ్ల మీద రెక్కలు పడకూడదు కనుక మామూలు గేటు కన్నా ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. ఒకరు కార్డు తాకిస్తే వెనకాల ఇద్దరు దాటేయడానికి ఆ వ్యవధి చాలు. స్టాఫ్ ఎప్పుడూ దాని పక్కనే నిలబడేది ఇందుకే.

వెనక అంటుకుని వచ్చేవాడి వల్ల మన లెక్కకు ఏమీ కాదు, మన ట్యాప్, అంటే కార్డు తాకించడం, నమోదైపోయి ఉంటుంది. చిక్కల్లా ముందు దూరేవాడితో. మనం కార్డు తాకించగానే తెరుచుకున్న రెక్కల మధ్య నుంచి పక్కవాడు జారుకుంటాడు, రెక్కలు మన ముందు మూసుకుంటాయి. మళ్లీ తాకిస్తే ఎర్ర దీపం, దాని కింద ‘సీక్ అసిస్టెన్స్’ (సాయం అడగండి) అన్న అక్షరాలు. ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లకుండా, ఒకే చోట వెంటవెంటనే రెండోసారి తాకిస్తే తెరుచుకోకుండా కట్టడి పెట్టారు. పక్క గేటుకు పరుగెత్తినా లాభం లేదు. వెడల్పు గేటు దగ్గరున్న మనిషికి జరిగింది చెప్పాలి, అంతే. అసలు ఇది జరగకుండా చూసుకోవడం కష్టం కాదు. ముందు గేటు నోట్లోకి పూర్తిగా వెళ్లి నిలబడి, ఆ తర్వాతే కార్డు తాకించాలి. దూరం నుంచి చేయి చాచి తాకించి ఆ తర్వాత నడిచేవాళ్ల గేటులోకే పక్కవాడు దూరుతాడు. వీపు బ్యాగు కూడా ముందుకు తిప్పుకోవడం మంచిది, లేకపోతే రెక్కలు దాన్నే పట్టుకుంటాయి.

స్టాఫ్ మాత్రం ఎగ్గొట్టేవాడి మీద చెయ్యి వెయ్యరు. 2025 మేలో ప్రతిపక్ష ఎంపీ రాబర్ట్ జెన్రిక్ స్ట్రాట్‌ఫర్డ్ స్టేషన్‌లో అలా దూరినవాళ్ల వెంటపడి నిలదీసిన వీడియో చూసినవాళ్లకు, మరి స్టాఫ్ ఎందుకు ఆపడం లేదన్న అనుమానం రావడం సహజం. మూడు పౌండ్ల చార్జీ కోసం ఏ ఉద్యోగీ దెబ్బలు తినాల్సిన పని లేదని నేను గట్టిగా నమ్ముతాను. పిలిచి టికెట్ అడగడం, ఒంటి మీది కెమెరా ఆన్ చేయడం, ఏ గేటు, ఎన్ని గంటలకు, ఎలాంటి మనిషి అన్నది రాసి పైకి పంపడం వాళ్ల పని. పెనాల్టీ రాసేది వేరే ఇన్‌స్పెక్టర్లు. గొడవ ముదిరితే బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ పోలీసులను పిలుస్తారు. అత్యవసరం కాని ఫిర్యాదులకు ఆ పోలీసుల 61016 నంబరుకు ప్రయాణికులెవరైనా మెసేజ్ పెట్టవచ్చు.

పదే పదే ఎగ్గొట్టేవాళ్లను పట్టించేది ట్యాప్‌ల లెక్క. కొందరు బయల్దేరిన చోట ఒక చిన్న టికెట్, దిగే చోట ఇంకో చిన్న టికెట్ కొని మధ్య దూరానికి ఏమీ కట్టరు. రెండు వైపులా గేటు తెరుచుకుంటుంది. ఇక్కడ దీన్ని డోనట్ అంటారు. మన గారె అనుకోండి, చుట్టూ పిండి ఉంటుంది, నడుమ చిల్లు. గేటు దగ్గరున్న మనిషికి ఇది కనిపించదు, కానీ నెలల తరబడి అదే కార్డు అవే రెండు చిన్న ప్రయాణాలు చూపిస్తే కంప్యూటర్‌కు తెలిసిపోతుంది. నగర రవాణా సంస్థ ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ ఇలాంటి విశ్లేషణతోనే మనిషిని గుర్తించి, వాళ్లు వచ్చే వేళకు ఇన్‌స్పెక్టర్లను స్టేషన్‌లో నిలబెడుతుంది. 2030 కల్లా ఎగవేతను 1.5 శాతానికి దించాలన్నది ఆ సంస్థ లక్ష్యం.

ఇక అసలు సంగతి, తెరిచి ఉన్న గేటు.

కాపలా మనిషి లేనప్పుడు గేట్లను మూసి ఉంచకూడదు. మంటలో పొగలో జనం బయటపడాల్సి వస్తే మూసిన రెక్కలు ప్రాణాల మీదికి తెస్తాయి. కరెంటు పోయినా రెక్కలు తెరుచుకునేలాగే తయారు చేస్తారు. కాబట్టి రాత్రి పూట స్టాఫ్ తక్కువైనా, ఉన్న ఒక్కరూ ప్లాట్‌ఫామ్ మీదికి వెళ్లాల్సి వచ్చినా గేట్లు బార్లా తెరిచేస్తారు. ఇందులో తప్పు లేదు. కానీ రెక్కలు తెరిచినా రీడర్లు పనిచేస్తూనే ఉంటాయి, మనం తాకించకుండా వెళ్తే ఏ గంటా మోగదు, ఏ దీపమూ వెలగదు. రాత్రి తొమ్మిదిన్నరకు రైలు దిగిన గుంపు తెరిచిన గేట్ల మీదుగా ఆగకుండా పారుతుంటే, వాళ్లలో సగం మంది తాకించరు, వాళ్లతో పాటు చేయి జేబులో పెట్టుకుని నడిచిపోవడం చాలా తేలిక. రోజూ రెక్కలే మనకు గుర్తు చేస్తాయి. ఆ రెక్కలు లేని రోజున చేతి అలవాటు పనిచేయదు.

ఆ తర్వాత జరిగేది చూడండి. ఎగ్గొట్టేవాడు లోపలికి కూడా తాకించకుండానే వచ్చాడు, వ్యవస్థ దృష్టిలో వాడు ప్రయాణమే చేయలేదు. మనం మాత్రం బయల్దేరేటప్పుడు లోపలికి తాకించి బయటికి తాకించలేదు. మన ప్రయాణం అసంపూర్తిగా మిగిలింది కనుక గరిష్ఠ చార్జీ పడుతుంది, నగరం నడుమ చిన్న ప్రయాణానికి అయ్యేదానికి రెండు మూడు రెట్లు. పైగా ఆ గరిష్ఠ చార్జీ రోజువారీ పరిమితి లెక్కలోకి రాదు, అంటే పరిమితి దాటాక ఉచితంగా వచ్చే ప్రయాణాలకు అది సాయపడదు. ఓయిస్టర్ అయితే మర్నాడు గేటు మీద మిగిలిన డబ్బు చూసి అనుమానం వస్తుంది. బ్యాంకు కార్డయితే గేటు ఏమీ చూపించదు, రోజంతటి మొత్తం ఒకే వరసగా స్టేట్‌మెంట్‌లో పడుతుంది. పది పౌండ్లు పడాల్సిన చోట పద్దెనిమిది పడితే ఎంతమంది గమనిస్తారు?

లోపలికి వెళ్లేటప్పుడు గేటు తెరిచి ఉంటే ఇంకా ప్రమాదం. తాకించకుండా రైలెక్కాక పెట్టెలో ఇన్‌స్పెక్టర్ ఎదురైతే, మన దగ్గరున్నది డబ్బులున్న కార్డే అయినా, ప్రయాణం మొదలైనట్టు రుజువు లేదు. గేటు తెరిచి ఉందన్నది సాకుగా చెల్లదు. ట్యూబ్‌లో పెనాల్టీ 2024 మార్చి నుంచి 100 పౌండ్లు, 21 రోజుల్లో కడితే 50. మామూలు రైళ్లలో 2023 జనవరి నుంచి 100 పౌండ్లతో పాటు టికెట్ ధర కూడా. ఎగ్గొట్టడానికి వచ్చినవాడు ఇన్‌స్పెక్టర్ జాకెట్ దూరం నుంచే చూసి దిగిపోతాడు. కూర్చుని ఫోన్ చూసుకుంటున్న నిజాయితీపరుడే దొరుకుతాడు. నా కోపం దీని మీదే. తెరిచి ఉంచిన గేటు మీద ఒక్క పెద్ద అక్షరాల బోర్డు, తాకించకుండా నడిస్తే ఒక్క బీప్, ఇంత చాలు.

డీఎల్ఆర్ (తూర్పు లండన్ వైపు తిరిగే డాక్‌లాండ్స్ లైట్ రైల్వే) రైళ్లలో ఈ గొడవ రోజూ ఉంటుంది, అక్కడ చాలా స్టేషన్లకు గేట్లే లేవు. మెట్ల దగ్గర పసుపు రీడర్ స్తంభం ఉంటుంది, వెతుక్కుని తాకించాలి. గులాబీ రంగు రీడర్ వేరు, అది దారి మధ్యలో రైలు మారేటప్పుడు మనం ఏ దారిన వచ్చామో చెప్పడానికి. దాన్ని తాకించినంత మాత్రాన ప్రయాణం ముగిసినట్టు కాదు.

డబ్బు తిరిగి రాదా అంటే, వస్తుంది. ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన మంచి ఉంది. రోజూ ఒకే దారిలో వెళ్లే కార్డయితే, మనం ఎక్కడ దిగి ఉంటామో వ్యవస్థే ఊహించి కొన్నిసార్లు అడగకుండానే సరిచేస్తుంది. అలా జరగకపోతే కార్డును ఆన్‌లైన్ ఖాతాలో నమోదు చేసుకుని, అసంపూర్తి ప్రయాణం తెరిచి, దిగిన స్టేషన్ పేరు ఇవ్వాలి. ఓయిస్టర్ చరిత్ర 8 వారాలే కనిపిస్తుంది కనుక నెలకోసారైనా చూసుకోవడం అవసరం. పదే పదే అడిగితే మాత్రం ఇవ్వరు, దానికీ హద్దుంది.

పైన వేగం గురించి అన్న మాట కొంచెం సవరించుకోవాలి. ఆ వేగం ఒకే కార్డు, అదీ పర్సు బయట పట్టుకున్నవాళ్లకు. పర్సులో రెండు కార్డులుంటే రీడర్ ఏది పట్టుకుంటుందో చెప్పలేం. ఫోన్‌తో లోపలికి వెళ్లి అదే ఖాతా ప్లాస్టిక్ కార్డుతో బయటికి వస్తే, అవి రెండు వేర్వేరు కార్డుల కింద లెక్క, రెండు అసంపూర్తి ప్రయాణాలు, రెండు గరిష్ఠ చార్జీలు. ఫోన్ చార్జింగ్ అయిపోయి కార్డు తీసేవాళ్లకు ఇది తరచూ జరుగుతుంది. లండన్‌కు పడమరన స్లౌ, రెడింగ్ ఊళ్ల వైపు ఉండే మనవాళ్లకు ఇంకో హెచ్చరిక. అటు వెళ్లే ఎలిజబెత్ లైన్ రైల్లో వెస్ట్ డ్రేటన్ స్టేషన్ దాటాక ఓయిస్టర్ చెల్లదు, బ్యాంకు కార్డే చెల్లుతుంది. లండన్‌లో ఓయిస్టర్‌తో ఎక్కి స్లౌలో దిగితే గేటు తెరుచుకోదు.

కొత్తగా వచ్చిన విద్యార్థులకు ఇది మరీ ముఖ్యం. హైదరాబాద్ ఎంఎంటీఎస్‌లో టీటీఈకి దొరికితే చార్జీతో పాటు కనీసం 250 రూపాయలు కట్టి రసీదు తీసుకుంటే సాధారణంగా అక్కడితో సరి. ఇక్కడ కూడా పెనాల్టీ కట్టేస్తే అది శిక్ష కిందికి రాదు. కట్టకుండా వదిలేసినా, తప్పుడు పేరు చిరునామా ఇచ్చినా వ్యవహారం కోర్టుకు పోవచ్చు. 1889 నాటి రైల్వే చట్టం ఐదో సెక్షన్ ప్రకారం కావాలని ఎగ్గొట్టడం నేరం. అది రుజువైతే వీసా దరఖాస్తులో రాయాల్సి వస్తుంది. అన్యాయంగా వేశారనుకుంటే 21 రోజుల్లో అప్పీలు పెట్టాలి, దానికి గేటు తెరిచి ఉన్నప్పటి సమయం, మీ ట్యాప్‌ల చరిత్ర జతచేయాలి. కంపెనీలు చేసే ప్రతిదీ సరైనదేనని అనుకోనక్కర్లేదు. రైలు కంపెనీలు త్వరిత విధానంలో వేసిన సుమారు 74 వేల కేసులను 2024 ఆగస్టులో కోర్టు చెల్లవని తేల్చింది.

యువతకు టికెట్ ధర తగ్గించే 16-25 రైల్‌కార్డ్ ఉన్నవాళ్లు సోమవారం నుంచి శుక్రవారం వరకు పొద్దున పదింటి లోపు 12 పౌండ్ల కనీస చార్జీ నిబంధన చదువుకోవాలి, జులై, ఆగస్టుల్లో అది ఉండదు. చదవకుండా కొన్న టికెట్‌కు గేటు తెరుచుకుంటుంది, చిక్కు ఇన్‌స్పెక్టర్ దగ్గర వస్తుంది.

నా వాడకం వరకు ఈ గేట్లు పనికొచ్చేవే. నాది రెండు జోన్ల ప్రయాణం, పొద్దున తొమ్మిది, సాయంత్రం ఆరు, రెండు చివరలా స్టాఫ్ ఉండే స్టేషన్లు. ఒకే కార్డు, ఎప్పుడూ కుడి జేబులో. రాత్రి షిఫ్టు చేసి పదకొండింటికి ఇల్లు చేరేవాళ్లు, చిన్న స్టేషన్లలో దిగేవాళ్లు నా మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు. వాళ్లకు సగం రోజులు తెరిచిన గేట్లే ఎదురవుతాయి. పిల్లల బండితో వెళ్లేవాళ్ల సంగతీ వేరు, వెడల్పు గేటు తప్ప వాళ్లకు దారి లేదు, దూరేవాళ్లందరూ వాళ్ల వెనకే వస్తారు. తెరిచిన గేట్ల వల్ల నెలకు రెండుసార్లకు మించి గరిష్ఠ చార్జీ పడుతుంటే బ్యాంకు కార్డు పక్కన పెట్టి ఓయిస్టర్ తీసుకోమంటాను, వెస్ట్ డ్రేటన్ లోపల తిరిగేవాళ్లయితేనే. ప్రతి గేటు దగ్గరా మిగిలిన డబ్బు కంటికి కనిపిస్తుంది.