తెలుగు నోటితో ఉక్రేనియన్ అక్షరాలు: రెండున్నరేళ్ల తర్వాత నా అనుభవం

ముందే చెప్పేస్తాను. ఉక్రేనియన్ అక్షరాలు నేర్చుకోవాలనుకునే తెలుగువాళ్లు ఇంగ్లీషు దారిన వెళ్లొద్దు. నేను మొదటి నాలుగు నెలలు అలాగే వెళ్లాను. అప్పుడు పట్టుకున్న తప్పుడు ఉచ్చారణ వదిలించుకోవడానికి ఏడాది పట్టింది. వాళ్ల అక్షరాలు 33. వాటిలో సగానికి పైగా మన నోటికి ఇప్పటికే వచ్చు.

ఉద్యోగరీత్యా నేను పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఉంటున్నాను. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక ఉక్రెయిన్ నుంచి లక్షల మంది ఈ దేశానికి వచ్చారు. మా పక్క ఫ్లాట్‌లోకి పొల్తావా నుంచి డెబ్బై దాటిన ఒక పెద్దావిడ, ఆవిడ కోడలు, మనవరాలు దిగారు. నాకు ఉక్రేనియన్ రాదు, ఆవిడకు ఇంగ్లీషు రాదు. లిఫ్ట్‌లో ఎదురైనప్పుడల్లా నవ్వి ఊరుకోవడం నాకే బాధనిపించి, ఆ అక్టోబరులో మొదలుపెట్టాను. ఒక ఫోన్ యాప్, పిల్లల అక్షరాల పుస్తకం (వాళ్లు 'అబేత్కా' అంటారు), ఆంకీ (మాటల్ని కార్డుల మీద మళ్లీ మళ్లీ చూపించి గుర్తుండేలా చేసే యాప్) కార్డులు, ఉక్రేనియన్ రేడియో, అన్నిటికంటే ఎక్కువగా ఆ పెద్దావిడ. నేను నేర్చుకున్నది వీటితోనే.

అక్షరాల ఆకారం గురించి టెన్షన్ అక్కర్లేదు. పది రోజుల పని. ఇంగ్లీషు హెచ్‌లా ఉన్నది 'న', పి లా ఉన్నది 'ర', సి లా ఉన్నది 'స', వై లా ఉన్నది 'ఉ'. ఇలా తికమక పెట్టేవి ఆరేడు మాత్రమే. బోర్డులు చదువుతూ పోతే అవే కుదురుకుంటాయి.

అసలు పనంతా ఉచ్చారణలోనే ఉంది. 'అవును' అనే మాటను యాప్ ఇంగ్లీషు అక్షరాల్లో చూపిస్తే నేను 'టాక్' అని నేర్చుకున్నాను. పెద్దావిడ అనేది 'తాక్'. పళ్ల వెనక నాలుక ఆనించి పలికే మన 'త' అచ్చంగా అదే. ద కూడా అంతే, పగటి పలకరింపు 'దోబ్రియ్ దెన్'. మన ట, డ ఆ భాషలో లేనే లేవు. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి మనమే తెచ్చిపెట్టుకుంటున్నాం. ఆవిడ ఊరు పోల్టావా కాదు, పొల్తావా.

ఎల్‌ను తలకిందులు చేసినట్టుండే అక్షరం ఇంకొకటి. ఇంగ్లీషు పాఠాల్లో దీనికి పేరాలకు పేరాలు వివరణ ఉంటుంది. 'మహారాజు', 'సహాయం' అనేటప్పుడు మన నోట్లోంచి వచ్చే 'హ' పలకండి, సరిపోతుంది. తల 'హొలొవా', కొండ 'హొరా', వాళ్ల డబ్బు 'హ్రివ్న్యా'. ఎక్స్‌లా ఉండే అక్షరం మాత్రం మన ఖ కాదు. హైదరాబాద్‌లో ఉర్దూ మాట్లాడేవాళ్లు 'ఖబర్', 'ఖుదా' అనేటప్పుడు గొంతు గీరుకుంటూ వస్తుందే, అది.

నాకు అన్నిటికంటే సంతోషం కలిగించింది వాళ్ల రెండు చకారాలు. 'చెట్టు', 'చిన్న' అనండి. తర్వాత 'చలి', 'చుక్క' అనండి. నాలుక రెండు వేర్వేరు చోట్ల తగులుతుంది. రాసేది ఒకటే, పలికేది రెండు. పాత నిఘంటువుల్లో ఈ రెండో దానికి నెత్తిన గుర్తు పెట్టి ౘ అని, జకారానికైతే ౙ అని వేసేవారు. ఉక్రేనియన్‌లో ఈ రెండు చకారాలకు రెండు వేర్వేరు అక్షరాలున్నాయి. పంచదార 'ౘూకొర్'. మొదటిసారే సరిగ్గా పలికాను.

చిక్కు ఎక్కడంటే, తెలుగులో ౘ పక్కన ఇ, ఎ రావు. వాళ్లకు వస్తాయి. 'ఇది' అనడానికి 'ౘె', ఉల్లిపాయకు 'ౘిబూల్యా'. నా నోరు వాటిని 'చె', 'చిబూల్యా' చేసేసేది. చివరికి నాకు పనికొచ్చింది ఇది: 'చలి' అనబోయి చ దగ్గరే ఆగడం, నాలుక కదపకుండా 'ఇ' చేర్చడం. గిన్నెలు కడుగుతూ మూడు వారాలు ఇదే పని. ఒకరోజు ఆవిడ ఇంట్లో కూరగాయలు తరుగుతుంటే ఉల్లిపాయ చూపించి పేరు చెప్పాను. ఆవిడ కత్తి పక్కన పెట్టి, మళ్లీ అనమంది. మళ్లీ అన్నాను. "తాక్, సినోచ్కు, తాక్" అంది. సినోచ్కు అంటే నాన్నా, కన్నా అని పిలిచినట్టు.

జకారం మాత్రం నిజంగా కష్టం. వాళ్లకు నాలుగు ధ్వనులుంటే, ఆ నాలుగింటి పనీ మనం ఒక్క జ తోనే కానిచ్చేస్తాం. గంట 'ౙ్విన్', మన 'జడ'లోని ౙ. తేనెటీగ 'బ్జొలా', మన 'జీతం'లోని జ. ఈ రెండూ మనకున్నాయి. కానీ చలికాలం 'జిమా', స్త్రీ 'జీన్కా' అని రాస్తే తెలుగులో మొదటి ధ్వనులు ఒకేలా కనిపిస్తాయి, అవి పూర్తిగా వేరు. గొంతు మీద వేలు పెట్టుకుని 'స్స్స్' అని సాగదీస్తూ గొంతు కదిలేలా చేయండి, చలికాలం మాటలోని మొదటి ధ్వని వస్తుంది. అలాగే 'ష్ష్ష్'తో చేస్తే స్త్రీ మాటలోనిది వస్తుంది. నాకు ఆరు నెలలు పట్టింది. తొందరగా మాట్లాడితే ఇప్పటికీ జారిపోతుంది.

మన ద్విత్వాలు ఇక్కడ వరమే. 'జిత్త్యా' (జీవితం), 'వెసిల్ల్యా' (పెళ్లి) లాంటి మాటల్ని, అన్నం, పిల్ల అనే నోటితో తడుముకోకుండా అనేయొచ్చు. పైగా చాలావరకు రాసినట్టే పలుకుతారు. పాలు 'మొలొకో', రొట్టె 'ఖ్లీబ్', చివరి బ గట్టిగానే బ. మాట చివరి వ మాత్రం ఉ వైపు జారుతుంది.

పెద్దావిడ నా ల విని, "ఇది మా పొల్తావా ల" అని మురిసిపోయింది. మిగతా ఉక్రేనియన్ల ల కాస్త బరువుగా ఉంటుంది, వాళ్ల పల్లెల్లో మాత్రం మనలా తేలికగా పలుకుతారట. ఆ రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో.

రెండు ఇకారాల సంగతి చెప్పాలి. ఒకటి మన ఇ. ఇంకొకటి ఇ కి, ఎ కి మధ్య ఎక్కడో ఉంటుంది. ఇల్లు, పొగ అనే రెండు మాటల్నీ తెలుగులో 'దిమ్' అనే రాయాలి, తేడా అంతా ఆ అచ్చులోనే. మొదటి చలికాలంలో "మీ ఇల్లు ఎక్కడ?" అని అడగబోయి "మీ పొగ ఎక్కడ?" అన్నాను. ఊరు వదిలి వచ్చిన మనిషిని ఆ మాట అడిగానని తెలిశాక చాలా బాధపడ్డాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. తన బుగ్గల మీద వేళ్లు పెట్టి పెదాలు వెడల్పు చేసి 'ఇల్లు' అని చూపించింది, గడ్డం కొంచెం దించి 'పొగ' అని చూపించింది. ఏ యాప్‌లోనూ ఇంత స్పష్టంగా నాకు తెలియలేదు.

చిన్న బి లా ఉండే మెత్తన గుర్తుకు సొంత ధ్వని లేదు, ముందున్న హల్లును మెత్తబరుస్తుంది. 'దెన్' చివర ఉన్నది వట్టి న కాదు. 'మంచి' అనేటప్పుడు చ కి ముందు నాలుక ఎక్కడుంటుందో గమనించండి. అక్కడే ఆపేయాలి. పుస్తకంలో తప్ప కనబడని మన ఞ నాకు అలా అక్కరకొచ్చింది.

తెలుగు అస్సలు సాయపడనిది ఒక్కటే, ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని ఒత్తి పలకడం. 'దొరోహా'లో మధ్య అక్షరాన్ని ఒత్తి పలికితే దారి, చివరిదాన్ని ఒత్తి పలికితే ప్రియమైనది లేదా ఖరీదైనది. మామూలుగా అచ్చయిన పుస్తకాల్లో ఎక్కడ ఒత్తాలో గుర్తు ఉండదు. నేను వాడిన యాప్‌లో యంత్రం గొంతు కొన్ని మాటల్ని తప్పు చోట ఒత్తి చెప్పేది, అవి అలాగే తలకెక్కాయి. అందుకే ఇప్పుడు ప్రతి కొత్త మాటనూ హొరోఖ్ అనే ఆన్‌లైన్ నిఘంటువులో చూసుకుని, ఊనిక గుర్తుతో సహా ఆంకీ కార్డులో రాసుకుంటున్నాను. హొరోఖ్ అంటే బఠానీ. హ, గీరుకునే ఖ రెండూ ఉన్న పేరు, సాధనకు కూడా బాగుంటుంది.

నేను చేసిన ఇంకో తప్పు చేతిరాతను వదిలేయడం. అచ్చు అక్షరాలొస్తే చాలనుకున్నాను. చేతిరాతలో వాళ్ల త ఇంగ్లీషు చిన్న ఎమ్‌లా, ద చిన్న జి లా ఉంటాయి. పెద్దావిడ తలుపుకి అంటించిన చీటీలు ఏడాది పాటు కోడలితో చదివించుకున్నాను. మొదటి వారం నుంచే చేత్తో రాయండి.

పోయిన వేసవిలో ఆవిడ ఒక జామ్ సీసా ఇచ్చింది. మీద చేత్తో రాసిన కాగితం: 'ఆగ్రుస్'. మన ఉసిరికాయంత ఉండే పుల్లటి పండు అది. అందులోని గ ఆ తలకిందులైన ఎల్ అక్షరమే, కానీ కొస పైకి తిరిగి ఉంటుంది. స్టాలిన్ కాలంలో, 1933లో, ఆ అక్షరాన్ని వర్ణమాలలోంచి తీసేశారు. మళ్లీ చేర్చింది 1990లో. ఆవిడ బడికెళ్లిన రోజుల్లో అబేత్కాలో అది లేదు. పిల్లలు పుట్టి పెద్దవాళ్లయ్యాక నేర్చుకున్నానని చెప్పింది. కాగితం మీద మిగతా అక్షరాలన్నీ గబగబా రాసినట్టున్నాయి. ఆ గ కొసను మాత్రం పెన్నుతో రెండుసార్లు దిద్దింది.